ఆంప్లిఫైయరుకు గాలి దారి



మార్చి నెల దాటిన తర్వాత ధర్మవరంలో గానీ హిందూపురంలో గానీ ఆంప్లిఫైయర్లు బాగుచేసే అంగడి ముందు కాసేపు నిలబడండి. ఒకే రకం ఫిర్యాదు వినబడుతుంది. "పొద్దున చక్కగా పాడుతుందన్నా. మధ్యాహ్నం భోజనాల వేళకు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఒక గంట అట్లే వదిలేస్తే మళ్ళీ దానంతటదే పాడుతుంది." మెకానిక్కు మూత విప్పి చూస్తాడు. ఫ్యూజు బాగుంది, ట్రాన్స్‌ఫార్మరు బాగుంది, ఐసీ బాగుంది. బల్ల మీద పెట్టి సాయంత్రం దాకా పాడిస్తాడు, ఒక్కసారి కూడా ఆగదు. "దీంట్లో ఏం లేదు, తీసుకుపోన్నా" అంటాడు. ఇంటికి తెచ్చి మళ్ళీ షోకేసులో పెట్టి అద్దం తలుపు మూస్తారు. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే తంతు.

లోపం ఆ షోకేసులో ఉంది. ఈ రోజు నేను దాని గురించే మాట్లాడతాను. ఇంట్లో పాటలు వినే ఆంప్లిఫైయరును చెక్క అరలో పెట్టినప్పుడు దానికి ఎంత గాలి కావాలి, ఆ గాలి ఎటునుంచి రావాలి, ఎటు పోవాలి అన్నదే నా విషయం. పదేళ్ళు పనిచేయాల్సిన సెట్టు మూడో వేసవికే మూలన పడడానికి మన ప్రాంతంలో పెద్ద కారణం ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. సరిచేసుకోవడానికి అయ్యే ఖర్చు ఒక చీర అంచు ఖరీదు కూడా ఉండదు.

మన ఊళ్ళలో పాట ఇంటి పనితో కలిసే నడుస్తుంది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇళ్ళలో మగ్గం ముందు కూర్చున్నవారికి చేతులకూ కాళ్ళకూ కళ్ళకూ పొద్దుటినుంచి దీపాలు పెట్టే వేళ దాకా పని ఉంటుంది. చెవులు ఒక్కటే ఖాళీ. ఆ చెవుల కోసం ఒకప్పుడు రేడియో ఉండేది, తర్వాత టేప్‌రికార్డరు వచ్చింది, ఇప్పుడు సెల్‌ఫోను నుంచి బ్లూటూత్ ద్వారా పాట అందుకునే ఆంప్లిఫైయరు వచ్చింది. అది రోజుకు ఎనిమిది పది గంటలు ఆగకుండా నడుస్తుంది. హిందూపురానికి బెంగళూరు దగ్గర కావడం వల్ల అక్కడి ఎస్.పి. రోడ్డు నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడే సెట్టు కట్టించుకోవడం తేలిక. 4440 ఐసీ బోర్డు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు, పెద్ద కెపాసిటర్లు, వేడిని గాలికి వదిలే ఒక అల్యూమినియం హీట్‌సింకు, వీటన్నిటినీ బిగించడానికి ఒక రేకు పెట్టె. ఇంకా గట్టి శబ్దం కావాలన్నవారికి 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు. పెనుకొండ వైపు పరిస్థితి వేరు. ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక ఆ చుట్టుపక్కల కొత్త ఇళ్ళు లేచాయి. కొత్త ఇంట్లో గోడ పొడవునా టీవీ యూనిట్టు, అందులో తలుపులున్న అరలు, ఒక అరలో సినిమా శబ్దం కోసం ఏవీ రిసీవరు. సెట్టు సొంతంగా కట్టించుకున్నదైనా, యమహా డెనాన్ కంపెనీలదైనా, దాని వేడికి బయటికి పోయే దారి ఒకటి కావాలి.

ఆ వేడి ఎందుకు పుడుతుందో ముందు చెబుతాను. ఆంప్లిఫైయరు గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటును పాటకు తగ్గట్టు కొలిచి స్పీకరుకు పంపుతుంది. ఆ కొలతలో కొంత శక్తి స్పీకరుకు చేరుతుంది, మిగిలినది ట్రాన్సిస్టర్ల దగ్గరే వేడిగా మారుతుంది. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే క్లాస్ ఏబీ అనే రకం, ఎంత బాగా తయారుచేసినా, తాను తీసుకున్న శక్తిలో నూటికి 78 పాళ్ళ కంటే ఎక్కువ స్పీకరుకు ఇవ్వలేదు. అది కాగితం మీద లెక్కకు దొరికే గరిష్ఠం. మనం ఇంట్లో వినే మామూలు శబ్దం దగ్గర సగం కూడా చేరదు. అంటే కరెంటు బిల్లులో పాటకు పడేది తక్కువ, వేడికి పడేది ఎక్కువ.

"మేము చిన్నగానే పెట్టుకుంటాం, మా సెట్టు వేడెక్కదు" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యం ప్రమాదకరం. ఏవీ రిసీవరు శబ్దం సున్నాలో పెట్టినా, ఆన్‌లో ఉన్నంతసేపూ 40 నుంచి 60 వాట్ల దాకా లాగుతూనే ఉంటుంది. పాట లేదు కాబట్టి అదంతా వేడే. ఇంకో సంగతి చూడండి. క్లాస్ ఏబీ ఆంప్లిఫైయరులో ట్రాన్సిస్టర్లు అన్నిటికంటే ఎక్కువగా కాగేది పూర్తి శక్తితో మోగించినప్పుడు కాదు. నిలకడగా ఒకే స్వరం ఇచ్చి కొలిస్తే, దాదాపు 40 శాతం శక్తి దగ్గర వేడి గరిష్ఠానికి చేరుతుంది. అందుకని సగం తిప్పిన నాబును చూసి నిశ్చింతగా ఉండకండి.

ఇప్పుడు 60 వాట్ల వేడి పుట్టించే ఒక సెట్టును మూసిన చెక్క అరలో పెడదాం. అర వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 45, ఎత్తు 25 అనుకోండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కట్టారు, ముందు అద్దం తలుపు పెట్టారు. ప్లైవుడ్ వేడిని చాలా నెమ్మదిగా బయటికి వదులుతుంది. నేను వేసిన లెక్కలో, ఆరు వైపులా బయటి గాలి తగిలినా సరే, లోపలి గాలి గది కంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. నిజానికి ఆరు వైపులా గాలి తగలదు. వెనక గోడ ఉంటుంది, పైన ఇంకో అర ఉంటుంది, పక్కన పుస్తకాల అర ఉంటుంది. అప్పుడు ఆ తేడా 30 డిగ్రీలు దాటుతుంది.

చల్లని దేశంలో గది 22 డిగ్రీలుంటే, దానికి 20 కలిపితే 42. సెట్టు ఎలాగో ఓర్చుకుంటుంది. మన సంగతి చూడండి. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది కాబట్టి కాస్త నయం. ధర్మవరం దాని కంటే చాలా కింద ఉంది, అక్కడ మే నెల ఎండ 40 దాటడం కొత్త కాదు. మిద్దె కింద గది మధ్యాహ్నం మూడు గంటలకు 38 డిగ్రీలుందనుకుందాం. మూసిన అర లోపల అప్పటికి 58 నుంచి 68. ఆ గాలి మధ్య కూర్చున్న హీట్‌సింకు దానికి ఇంకో 30 డిగ్రీలు పైన ఉంటుంది. అంటే 88 నుంచి 98. 4440 లాంటి ఐసీల్లో వేడి మరీ మించిపోతే తనను తాను ఆపుకునే రక్షణ లోపలే ఉంటుంది. మధ్యాహ్నం ఆగి, చల్లబడ్డాక మళ్ళీ పాడే సెట్టు రహస్యం అదే. అది ఆగిపోవడం సెట్టు తన ప్రాణం కాపాడుకోవడమే. ఆ రక్షణ లేని ట్రాన్సిస్టరు సెట్టు ఆగదు, కాలిపోతుంది.

కంపెనీ సెట్లతో వచ్చే పుస్తకాన్ని మనం అట్టపెట్టెలోనే వదిలేస్తాం. దయచేసి ఒకసారి తీసి చూడండి. డెనాన్ పుస్తకాల్లో ఈ యంత్రాన్ని పుస్తకాల అర వంటి ఇరుకు చోట పెట్టవద్దని, చుట్టూ 30 సెంటీమీటర్లకు పైగా ఖాళీ వదలమని ఉంటుంది. యమహా రిసీవర్లు చాలావాటికి పైన 30, పక్కలా వెనకా 20 సెంటీమీటర్లు వదలమని రాస్తారు. చుట్టూ ఉండే గాలి 35 డిగ్రీలో 40 డిగ్రీలో దాటకూడదని కూడా చాలా పుస్తకాలు చెబుతాయి. మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో బయట పెట్టిన సెట్టే ఆ హద్దు మీద నిలబడి ఉంటుంది. అరలో పెట్టిన సెట్టుకు మనం ఇవ్వగల వెసులుబాటు అయిదు డిగ్రీలు, మహా అయితే పది. నేను చెప్పే కొలతలన్నీ ఆ పది డిగ్రీల లోపల ఉంచడం కోసమే.

వెంటనే కాలిపోని సెట్టుకు కూడా వేడి లోపల్లోపల చేటు చేస్తుంది. విద్యుత్ సరఫరాలో గొట్టాల్లా నిలబడి ఉండే పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. వాటి లోపల ఒక ద్రవం ఉంటుంది. వేడికి అది కొద్దికొద్దిగా ఆవిరై పోతుంది. వాటి మీద 85 డిగ్రీలు అనో 105 డిగ్రీలు అనో అచ్చువేసి ఉంటుంది. 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలు ఆయుష్షు అని తయారీదారు హామీ ఇచ్చిన కెపాసిటరు, 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ రెట్టింపు కాలం బతుకుతుందని ఇంజనీర్లు లెక్క కడతారు. 75 దగ్గర 4,000 గంటలు, 65 దగ్గర 8,000, 55 దగ్గర 16,000. మగ్గం గదిలో రోజుకు ఎనిమిది గంటలు పాడే సెట్టును తీసుకోండి. కెపాసిటరు 75 డిగ్రీల్లో ఉంటే 500 రోజులు, 55 డిగ్రీల్లో ఉంటే 2,000 రోజులు. ఒకటి ఏడాదిన్నర లోపే, ఇంకొకటి అయిదేళ్ళు దాటి. సెట్టు అదే, పాటలు అవే, మధ్యలో తేడా 20 డిగ్రీలు మాత్రమే. పాత సెట్టులో పాట వెనక సన్నగా "మ్..." అని రొద మొదలైందంటే చాలాసార్లు ఆ కెపాసిటర్లు ఎండిపోయాయన్న మాట.

ఇంకొక చేటు కట్టించుకున్న సెట్లలో ఎక్కువ. ట్రాన్సిస్టరు వేడెక్కితే దానిలో పారే కరెంటు పెరుగుతుంది. కరెంటు పెరిగితే ఇంకా వేడెక్కుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోతే చివరికి ట్రాన్సిస్టరు కాలుతుంది, కొన్నిసార్లు దాంతో పాటు స్పీకరు కూడా పోతుంది. దీన్ని అదుపులో పెట్టడానికి బయాస్ డయోడును గానీ చిన్న ట్రాన్సిస్టరును గానీ హీట్‌సింకుకు ఆనించి బిగించాలి. హీట్‌సింకు ఎంత వేడెక్కిందో దానికి తెలిస్తే కరెంటును అదే తగ్గిస్తుంది. తొందరలో కట్టిన సెట్లలో ఆ డయోడు బోర్డు మీదే గాలిలో ఉండిపోతుంది. సెట్టు కట్టించుకునేటప్పుడు మూత బిగించకముందే ఈ ఒక్కటి అడిగి చూడండి. ట్రాన్సిస్టరుకూ హీట్‌సింకుకూ మధ్య మైకా, దాని రెండు వైపులా తెల్ల పేస్టు ఉన్నాయో లేదో కూడా చూడండి. మంచి మెకానిక్కు మీ ప్రశ్నకు సంతోషిస్తాడు.

ఇక దారి సంగతికి వస్తాను. వేడి గాలి తేలిక, పైకి పోతుంది. అది పోయిన చోటికి కింది నుంచి చల్లగాలి రావాలి. ఈ రెండు దారులూ తెరిచి ఉంటేనే గాలి బాగా కదులుతుంది. ఒకటే ఉంటే సరిగా కదలదు. మన రాయలసీమ మిద్దె ఇళ్ళు కట్టినవారు దీన్ని ఏ పుస్తకమూ చదవకుండానే అమలుచేశారు. వంటింట్లో పొయ్యికి పైన మిద్దెలో గవాచి వదిలేవారు. పొగా వేడీ అందులోంచి పోయేవి, వాకిలి కింది నుంచి కొత్త గాలి లోపలికి వచ్చేది. వాన పడితే పైన ఒక బండో రేకో కప్పేవారు. ఆంప్లిఫైయరు అరకు కావలసింది అచ్చంగా ఆ గవాచీ, ఆ వాకిలీ.

రేడియో తయారుచేసినవారు కూడా ఇదే చేశారు. వాల్వు రేడియోల కాలం గుర్తున్నవారు మన శ్రోతల్లో ఇంకా ఉన్నారు. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ పెట్టెల వెనక గట్టి అట్ట ఒకటి బిగించి ఉండేది. దాని నిండా రంధ్రాలు. లోపల వాల్వులు ఎర్రగా వెలుగుతూ ఆ రంధ్రాల్లోంచి కనిపించేవి. అందం కోసం ముందువైపు ఎంత నగిషీ చేసినా, వెనకవైపు గాలికే వదిలారు. ఇప్పటి టీవీ యూనిట్లలో ఆ జ్ఞానం తప్పిపోయింది. వెనక నిండుగా ప్లైవుడ్ కొడతారు, వైర్ల కోసం మూలన ఒక గుండ్రటి రంధ్రం పెడతారు. ఆ రంధ్రం అడ్డుకొలత 5 సెంటీమీటర్లు. దాని వైశాల్యం 20 చదరపు సెంటీమీటర్లకు లోపే. అందులో సగం వైర్లే నింపేస్తాయి.

మనకు ఎంత కావాలి? 60 వాట్ల వేడిని, పది డిగ్రీల తేడాకు మించకుండా బయటికి తీసుకుపోవాలంటే గంటకు సుమారు 20 ఘనమీటర్ల గాలి కదలాలి. ఫ్యాను లేకుండా, పై రంధ్రానికీ కింది రంధ్రానికీ మధ్య అర మీటరు ఎత్తు ఉంటే, ఆ గాలి తనంతట తాను కదలడానికి కింద దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు, పైన కూడా అంతే జాగా కావాలి. అంటే 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చీలిక కిందొకటి, పైనొకటి. వడ్రంగి పెట్టే వైరు రంధ్రానికి ఇది పది రెట్లు. అర ఎత్తు తక్కువైతే గాలి వేగం తగ్గుతుంది, అప్పుడు రంధ్రాలు ఇంకా పెద్దవి కావాలి. రంధ్రం మరీ పెద్దదైపోయిందని దిగులు పడకండి, వెనక ఉన్నది ఎవరికీ కనబడదు.

నా మాట వింటే ఆంప్లిఫైయరు ఉన్న అర వెనక పలక పూర్తిగా తీసేయండి. యూనిట్టును గోడ నుంచి పది సెంటీమీటర్లు ముందుకు జరపండి. ఆంప్లిఫైయరు కాళ్ళ కింది పలకలో కూడా వెనకవైపు చీలికలు కోయించండి. చాలా సెట్లకు అడుగున కూడా గాలి రంధ్రాలుంటాయి, వాటికి దుప్పటి పరిచినట్టు వెల్వెట్ గుడ్డ పరచవద్దు. రబ్బరు కాళ్ళు పొట్టిగా ఉంటే కింద నాలుగు చెక్క ముక్కలు పెట్టి ఓ రెండు సెంటీమీటర్లు ఎత్తండి. అద్దం తలుపు తీసేయడానికి మనసొప్పకపోతే పాట నడుస్తున్నంతసేపైనా తెరిచి ఉంచండి. పసిపిల్లలున్న ఇంట్లో అది కుదరదంటారు, నిజమే. అటువంటి ఇంట్లో అద్దం బదులు అంగుళం సందులున్న చెక్క పట్టీల తలుపు చేయించుకోవచ్చు.

పాత ఇళ్ళలో గోడ గూట్లో సెట్టు పెట్టేవారికి ఒక మాట. గూడు మూడు వైపులా రాతి గోడ. రాయి మొదట్లో చల్లగానే ఉంటుంది, ఒకసారి కాగిందంటే రాత్రి దాకా వదలదు. అందులోనూ పడమటి గోడ అయితే మధ్యాహ్నం ఎండంతా అదే తాగుతుంది. గూట్లో ముందువైపు ఒక్కటే దారి కాబట్టి చిన్న సెట్టు మాత్రమే పెట్టండి, పైన జానెడు ఖాళీ ఉంచండి, తెర కట్టవద్దు.

ఫ్యాను పెట్టవలసిన చోట పెట్టక తప్పదు. తలుపు తీసే వీలు లేని యూనిట్టు, రెండు సెట్లున్న అర, రోజంతా నడిచే సెట్టు, వీటికి ఫ్యాను కావాలి. కంప్యూటర్లలో వాడే 12 సెంటీమీటర్ల ఫ్యాను చాలు. అది ఏ అడ్డూ లేకపోతే గంటకు 70 నుంచి 100 ఘనమీటర్ల గాలి తోస్తుంది, మన అవసరానికి మూడున్నర నుంచి అయిదు రెట్లు. కాబట్టి దాన్ని పూర్తి వేగంతో తిప్పనక్కరలేదు. 12 వోల్టుల ఫ్యానుకు 9 వోల్టుల అడాప్టరు పెడితే గాలి సరిపోతుంది, గుయ్యిమనే చప్పుడు బాగా తగ్గుతుంది. రాత్రిపూట మెల్లగా త్యాగరాజ కీర్తన వినేవారికి ఆ చప్పుడు తగ్గడం ముఖ్యం. ఫ్యానును అర పైభాగంలో, వెనక, గాలిని బయటికి లాగేటట్టు బిగించండి. వేడి గాలి ఎటూ పైకే వస్తుంది, ఫ్యాను దానికి సాయం చేస్తుంది. గాలి లోపలికి వచ్చే చీలిక దానికి దూరంగా, కింద, వీలైతే ఎదురు మూలన ఉండాలి. ఫ్యాను పక్కనే రంధ్రం ఉంటే గాలి ఆ దగ్గరి దారినే వచ్చి పోతుంది, ఆంప్లిఫైయరు దగ్గరికి రానే రాదు. ఫ్యాను, ఆంప్లిఫైయరు రెండూ ఒకే జంక్షన్ బాక్సు మీద, ఒకే స్విచ్చు మీద ఉంచండి. ఫ్యాను వేయడం మరచిపోయే బాధ ఉండదు.

గాలి వస్తే దాంతో దుమ్మూ వస్తుంది. ఆషాఢం గాలులు మనకు కొత్త కాదు. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టారంటే ఊరికే నిలబెట్టలేదు. మగ్గాలున్న ఇంట్లో దుమ్ముతో పాటు దారపు నూగు కూడా చేరుతుంది. హీట్‌సింకు రెక్కల మధ్య ఆ నూగు అల్లుకుంటే ఎంత గాలి ఉన్నా వేడి దిగదు. అందుకని గాలి కాలం మొదలయ్యే ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి శుభ్రం చేయండి. ప్లగ్గు పీకి, పది నిమిషాలు ఆగి, పైరంధ్రాలను పొడి పెయింటు బ్రష్షుతో దులపండి. మూత విప్పి లోపల దులపడం మాత్రం మెకానిక్కు పని. ప్లగ్గు తీసినా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. తడి గుడ్డ ఎప్పుడూ వద్దు.

బల్లుల బెడద కూడా ఉంది. వెచ్చని చోటు వెతుక్కుంటూ వచ్చి రెండు తీగల మధ్య పడి బల్లి చస్తుంది, సెట్టూ పోతుంది. చీలికలకు జాలి కొట్టించాలి. దోమల జాలి కొడితే గాలి వెళ్ళే జాగా దాదాపు సగానికి తగ్గుతుంది, నూగు పట్టిందంటే ఇంకా తగ్గుతుంది. జాలి పెట్టదలచినవారు చీలికను రెండింతలు చేయించండి. 200 చదరపు సెంటీమీటర్ల చోట 400. జాలిని మేకులతో కాకుండా స్క్రూలతో బిగించమనండి, విప్పి దులుపుకోవచ్చు.

ఆంప్లిఫైయరు పైన ఏమీ పెట్టకూడదు అన్న మాట మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. సెట్‌టాప్ బాక్సు, వైఫై పెట్టె, దేవుడి పటం, అల్లిన గుడ్డ, ప్లాస్టిక్ పూలకుండీ, అన్నీ చక్కగా దాని నెత్తినే కూర్చుంటాయి. పైరంధ్రాలు మూసుకుపోతాయి, పైగా ఆ సెట్‌టాప్ బాక్సు తన వేడి తాను కలుపుతుంది. పాత ఎల్‌పీ రికార్డులు, క్యాసెట్లు ఉన్నవారు వాటిని ఆంప్లిఫైయరు పై అరలో పెట్టకండి, రికార్డులు వంకరపోతాయి. స్టెబిలైజరును అర బయట, నేల మీదో గోడకో పెట్టండి. ఇన్వర్టరునూ బ్యాటరీనీ ఆ యూనిట్టు లోపలికి తేనే వద్దు. ఛార్జింగు వేళ బ్యాటరీ నుంచి వచ్చే వాయువు మండే గుణం ఉన్నది. దాన్ని మూసిన అరలో ఉంచడం ఇంటికే ప్రమాదం.

స్పీకర్ల సంగతి కూడా ఈ వేడి కథలో భాగమే. 8 ఓముల స్పీకర్లకు తగినట్టు చేసిన సెట్టుకు మగ్గం గదిలో ఒక జత, వసారాలో ఒక జత కలిపేస్తే, రెండు 8 ఓములు కలిసి 4 ఓములవుతాయి. కరెంటు రెట్టింపు లాగుతుంది, వేడీ అదే దామాషాలో పెరుగుతుంది. కారులో తీసేసిన 4 ఓముల స్పీకర్లను చెక్కపెట్టెల్లో బిగించి వాడేవారు చాలామంది ఉన్నారు. తప్పు లేదు, కానీ సెట్టు వెనక 4 ఓములు అని రాసి ఉందేమో చూసుకుని కలపండి.

మన మైక్‌సెట్టు వాళ్ళను గమనించండి. పెనుకొండ తిరునాళ్ళకైనా, లేపాక్షి పక్కన పెళ్ళికైనా, అహూజా ఆంప్లిఫైయరును చెక్కపెట్టెలో తెస్తారు. పని మొదలుపెట్టే ముందు ఆ పెట్టె ముందుమూత, వెనకమూత రెండూ తీసేస్తారు. నీడలో బల్ల మీద పెడతారు, దాని మీద కండువా కూడా వేయరు. రాత్రంతా హరికథ నడిచినా సెట్టు ఆగదు. దాని మీద బతుకు నడిచే మనిషికి గాలి విలువ తెలుసు. మనం ఇంట్లో అంతకంటే ఖరీదైన సెట్టుకు ఆ మాత్రం మర్యాద ఇవ్వడం లేదు.

కొత్తగా కొనేవారికి నా సలహా ఒకటి. అర మూసే ఉండాలి, రంధ్రం కొట్టకూడదు అని ఇంట్లో పట్టుబడితే క్లాస్ డీ రకం ఆంప్లిఫైయరు కొనండి. అది తీసుకున్న శక్తిలో నూటికి 85, 90 పాళ్ళు స్పీకరుకు ఇస్తుంది, వేడి చాలా తక్కువ. ఇప్పుడు చిన్న బ్లూటూత్ ఆంప్లిఫైయర్లు చాలావరకు ఆ రకమే. వాటికీ కాస్త గాలి కావాలి, కానీ ఈ పెద్ద చీలికల అవసరం ఉండదు. పాత సెట్టు మీద మమకారం ఉన్నవారు మాత్రం చెక్క కోయించుకోవలసిందే. ఆ మమకారానికి అది తగిన ఖర్చే.

చేసిన పని ఫలించిందో లేదో కొలిచి చూడండి. తీగ చివర కొలిచే ముక్క ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటరు ఎలక్ట్రానిక్ అంగళ్ళలో దొరుకుతుంది. జ్వరం చూసేది పనికిరాదు, అది 42 దగ్గర ఆగిపోతుంది. ఆ తీగను అరలో పైభాగంలో వేలాడదీసి, తలుపు మూసి, మధ్యాహ్నం రెండు గంటలసేపు మీరు రోజూ వినే శబ్దంతోనే పాడించండి. గది ఎంత, అర ఎంత అని రెండూ రాసుకోండి. తేడా పది లోపల ఉంటే మీ సెట్టు క్షేమం. ఇరవై ఉంటే అదే రోజు తలుపు తీసేయండి. థర్మామీటరు లేనివారు ఆంప్లిఫైయరు పైమూత మీద అరచెయ్యి ఆన్చి చూడండి. అయిదు సెకన్లు ఉంచలేకపోతే అది 60 డిగ్రీల దరిదాపుల్లో ఉందని అర్థం. కాలిన వాసన వస్తే కొలతలు పక్కనపెట్టి ముందు ప్లగ్గు పీకండి.

చివరగా ఇల్లు కట్టుకుంటున్నవారికీ, మన వడ్రంగులకూ ఒక విన్నపం. సన్‌మైకా అంటించాక రంధ్రం కొట్టమంటే అంచు పగులుతుంది, వడ్రంగికి మనసొప్పదు, ఇంటివారికీ మనసొప్పదు. యూనిట్టు కొలతలు గీసే రోజే ఆంప్లిఫైయరు ఏ అరలో కూర్చుంటుందో చెప్పండి. ఆ అరకు వెనక పలక వద్దని, కిందా పైనా 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు చీలికలు కావాలని, ఒక మూలన ఫ్యాను పట్టే 12 సెంటీమీటర్ల చోటు వదలమని ఆ కాగితం మీదే రాయించండి. వడ్రంగి అన్నలూ, ఇంటివారు అడగకపోయినా మీరే "ఇందులో పాటల సెట్టు పెడతారా?" అని అడగండి. యూనిట్టు ఇప్పటికే ఉన్నవారు ఈ ఆదివారం దాన్ని గోడ నుంచి ముందుకు జరిపి, వెనక పలక విప్పేయండి.